గ్లాస్టన్‌బరీలో ఒక ఆదివారం

అమెరికా వెళ్ళి వచ్చిన మన ఉద్యోగులు పలువురు తమ అనుభవాలను ఈ పత్రికలో ఇదివరకే వ్రాసియున్నారు. నయాగరా జలపాతం, న్యూయార్కులోని స్వేచ్ఛామూర్తి విగ్రహం, వాషింగ్టన్‌లోని అధ్యక్ష భవనం, వీటిని గురించి నేను కొత్తగా చెప్పగలిగినది ఏమీ లేదు. పైగా నయాగరా వద్ద మేము గడిపిన రెండు గంటలూ వాన కురుస్తూనే ఉంది. అందుచేత అందరూ చూసే ప్రదేశాలను విడిచిపెట్టి, ఎవరూ పని పెట్టుకుని చూడబోని ఒక చిన్న ఊరిని గురించి, అక్కడి ఒక సబ్బు కర్మాగారాన్ని గురించి వ్రాయదలచుకున్నాను. అది స్నానపు సబ్బు కాదు, గడ్డం గీసుకునే సబ్బు. పాఠకులు నవ్వుకోవచ్చును. మా అమ్మాయి కూడా నవ్వింది.

నేను నేటికీ గుండ్రని సబ్బు బిళ్ళ, మగ్గు, బ్రష్షు పెట్టుకునే గడ్డం గీసుకుంటాను. ఇది మా నాన్నగారి నుండి సంక్రమించిన అలవాటు. ఆయన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. ఆ రోజులలో మా ఊరిలో చాలా ఇళ్ళకు వాడుక క్షురకుడు వారానికి రెండుసార్లు వచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి గడ్డం చేసి వెళ్ళేవాడు. నాన్నగారు మాత్రం తమ పని తామే చేసుకునేవారు. నీలం అంచు గల తెల్లని ఎనామిల్ మగ్గు, అడుగున గోద్రెజ్ వారి గుండ్రని సబ్బు బిళ్ళ, పంది వెంట్రుకల బ్రష్షు, వసారాలో స్తంభానికి తగిలించిన చేతి అద్దం, ఇంతే సరంజామా. సబ్బు అరిగి అప్పడమంత పలచనైనా పారవేసేవారు కారు. కొత్త బిళ్ళ తెచ్చిన రోజున పాతదానిని తడిపి దాని నెత్తిన అతికించేవారు. బ్లేడు మొద్దుబారితే గాజు గ్లాసు లోపలి గోడకు నీళ్ళతో రుద్ది, మరి నాలుగు రోజులు నడిపేవారు. మా చిన్నతనంలో ఒక్క బిళ్ళ ఆరు నెలలు వచ్చేది. ఇంతకంటె చవకగా మగవాడు శుభ్రంగా కనబడే మార్గం మరొకటి లేదని ఆయన అభిప్రాయం.

ఆ మగ్గు ఇప్పుడు నా దగ్గర ఉంది. అంచున రెండు చోట్ల ఎనామిల్ పెచ్చులూడి ఇనుము కనబడుతుంది. రెండేళ్ళ క్రితం జూన్ నెలలో మా అమ్మాయి దగ్గరకు బయలుదేరినప్పుడు, అక్కడ డబ్బాలో నురగ దొరుకుతుందని అందరూ చెప్పినా వినక దానిని పెట్టెలో పెట్టుకున్నాను.

మా అల్లుడు ఒక బీమా సంస్థకు సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. కనెక్టికట్ రాష్ట్ర రాజధాని హార్ట్‌ఫర్డ్ నగరం బీమా వ్యాపారానికి శతాబ్దానికి పైగా పేరు పొందింది. ఆ కంపెనీల కంప్యూటర్ల పనికోసం మనవారు ఎందరో వచ్చి చుట్టుపక్కల ఊళ్ళలో స్థిరపడ్డారు. మిడిల్‌టౌన్‌లో సత్యనారాయణస్వామి ఆలయం ఉన్నది. అక్కడ ప్రసాదం వరుసలో నిలబడితే సగం మాటలు తెలుగే. మా పిల్లలు ఉండేది రాకీ హిల్ అనే ఊరిలో. కనెక్టికట్ నది ఆ ఊరి అంచునే ప్రవహిస్తుంది.

వెళ్ళిన మరునాటి ఉదయం స్నానాల గదిలో నేను బ్రష్షు తిప్పుతూ నిర్ఘాంతపోయాను. మా టౌన్‌షిప్పులో రెండు నిమిషాలు తిప్పినా రాని నురగ అక్కడ పది చుట్లకే మగ్గు దాటి పొంగింది. అదే సబ్బు, అదే బ్రష్షు. కారణం తెలియనిది కాదు. మాకు వచ్చేది బోరు నీరు. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లని తెట్టుగా మారిపోతాయి. ఆ లవణాల ఆకలి తీరిన తరువాత మిగిలిన సబ్బే నురగకు పనికివస్తుంది. హార్ట్‌ఫర్డ్ ప్రాంతానికి వచ్చేది కొండల నడుమ జలాశయాలలో నిలిచిన వాన నీరు, మంచు కరిగిన నీరు. అది మెత్తని నీరు. ముప్పై ఏళ్ళుగా బాయిలర్ నీటి కఠినత్వం కొలిపించిన వాడిని, ఈ సంగతి నా గడ్డం దగ్గరకు వచ్చేసరికి ఎన్నడూ తట్టలేదు.

చేతిలో మగ్గుతోనే బయటకు వచ్చి ఈ వింత చెప్పాను. అల్లుడు తన ఫోనులో ఏదో చూసి, "మావయ్యగారూ, మీ సబ్బుకు ముత్తాత ఏటి అవతలే పుట్టాడట, చూసివద్దామా?" అన్నాడు. ఆదివారం వెళ్ళాలని నిశ్చయమైంది.

ఏరు దాటడానికి వంతెన ఉన్నది గాని, మేము రేవు దారిన వెళ్ళాము. రాకీ హిల్, గ్లాస్టన్‌బరీ ఊళ్ళ నడుమ ఈ రేవు 1655లో మొదలైంది. నాటి నుండి నిరాటంకంగా నడుస్తున్న రేవులలో అమెరికా దేశం మొత్తానికి ఇదే పాతది. మొదట గడలతో నెట్టే తెప్ప, తరువాత గుర్రాన్ని త్రొక్కుడు యంత్రం మీద నడిపించి లాగించిన పడవ, 1876 నుండి ఆవిరి. ఇప్పుడున్నది 'హాలిస్టర్ 3' అనే చదునైన పంటు. దానికి సొంత ఇంజను లేదు. ప్రక్కన కట్టిన 'కంబర్లాండ్' అనే చిన్న పడవ దానిని తీసుకుపోతుంది. పంటు మీద పట్టేది మూడు కార్లు. ప్రయాణం నాలుగు నిమిషాలు. అవతలి ఒడ్డు చేరే ముందు చిన్న పడవ సగం చుట్టు తిరిగి పంటును తిన్నగా రేవుకు ఆనించిన తీరు చూసి నేను చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోవడం వలన ఊరుకున్నాను. నరసాపురం దగ్గర సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కిన మా శ్రీమతి మాత్రం, "దీనికోసమా ఇంత దూరం వచ్చాము" అన్నది. గోదావరి ముందు ఈ ఏరు ఒక కాలువ అని ఆమె తీర్పు.

ఒడ్డు దాటగానే నల్లరేగడి వంటి మెత్తని పల్లపు భూములు. ఈ లోయలో చుట్టకు పైపొరగా చుట్టే పొగాకును బట్టపందిళ్ళ నీడన పెంచేవారు. ఆకును ఆరవేసే పొడవాటి చెక్క కొట్టాలు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. ప్రకాశం జిల్లాలో బ్యారన్ల నడుమ పెరిగిన నాకు వాటిని చూసి ఇల్లు గుర్తుకు వచ్చింది. ఊరు మాత్రం సంపన్నుల ఊరు. పెద్ద చెట్లు, వెల్లవేసినట్లున్న చెక్క ఇళ్ళు. 1874లో అబీ స్మిత్, జూలియా స్మిత్ అనే అక్కచెల్లెళ్ళు, ఓటు హక్కులేని మాకు పన్ను ఎందుకని ఎదురు తిరిగితే అధికారులు వారి ఆవులను జప్తు చేసినది ఈ ఊళ్ళోనే. ఆ కథ వేరే వ్యాసానికి తగినది.

సబ్బు కథలోకి వస్తాను. జేమ్స్ బేకర్ విలియమ్స్ అనే యువకుడు ఇక్కడికి దగ్గరలోని మాంచెస్టర్ అనే ఊరిలో ఒక దుకాణంలో పనిచేస్తూ, మందుల విభాగం చూసుకునేవాడు. గడ్డం గీసుకోవడానికి ఏ సబ్బు బాగుంటుందో అని తానే రకరకాలుగా కాచి చూశాడు. ఆనాడు జనం వాడేది ఒంటికి, బట్టలకు వాడే సబ్బే. దాని నురగ గబగబా పొంగి అంత త్వరగానూ ఆరిపోతుంది. బారుకత్తితో గీసుకునే మనిషికి సగం చెంప తిరిగేసరికి మిగిలిన సగం ఎండిపోతే ఏమి గతి? 1840లో అతడు తయారీ మొదలుపెట్టాడు. 1847లో గ్లాస్టన్‌బరీకి మారాడు. సోదరుడు విలియం వచ్చి చేరాడు. 'యాంకీ సబ్బు' అనే పేరుతో, మగ్గు అడుగున పెట్టుకునే గుండ్రని బిళ్ళగా అది దేశమంతటా వ్యాపించింది.

ఇందులోని రసాయన సూక్ష్మం చెప్పకుండా ఉండలేను. కొవ్వునో నూనెనో క్షారంతో కాస్తే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. కాస్టిక్ సోడాతో కాచినది గట్టి సబ్బు, కాస్టిక్ పొటాష్‌తో కాచినది మెత్తని సబ్బు. మొదటిది బ్రష్షుకు లొంగదు, రెండవది బిళ్ళగా నిలవదు. అందుచేత గడ్డం సబ్బులో ఈ రెంటినీ కలిపి వాడతారు. కొబ్బరినూనె వలన నురగ వెంటనే పుడుతుంది కాని నిలవదు. స్టియరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న కొవ్వు వలన నురగ ఆలస్యంగా వచ్చినా దట్టంగా, బుడగలు కంటికి కనబడనంత సన్నగా నిలుస్తుంది. గ్లిజరిన్ దానిని ఆరనివ్వదు. నిజానికి నురగ వెంట్రుకను మెత్తపరచదు. మెత్తపరచేది నీరు. వెంట్రుకలోని కెరటిన్ రెండు మూడు నిమిషాలు నీటిని పీల్చుకుంటే కోతకు సులువుగా లొంగుతుంది. ఆ రెండు మూడు నిమిషాలు నీటిని చెంప మీద నిలబెట్టి ఉంచడమే నురగ పని. బ్రష్షు తిప్పే ఆలస్యం మనకు చాదస్తంగా కనబడుతుంది గాని, అసలు పని జరిగేది ఆ ఆలస్యంలోనే. డబ్బా మీట నొక్కి ముఖాన పులిమి వెంటనే గీసేవారి చెంపలు ఎందుకు మండుతాయో ఇప్పుడు పాఠకులకు అర్థమై ఉంటుంది. మా అల్లుడికి అర్థం కాలేదు. అతడు విద్యుత్ యంత్రం వాడతాడు. మొదటి విద్యుత్ రేజర్లను జేకబ్ షిక్ 1931లో అమ్మకానికి పెట్టినదీ ఈ కనెక్టికట్ రాష్ట్రంలోనే అని చెప్పి, నా నోరు మూయించాడు.

విలియమ్స్ సోదరులకు మరొక మేలు బోస్టన్ నుండి జరిగింది. 1903లో జిల్లెట్ కంపెనీ తన కొత్త రేజర్లను అమ్మకానికి పెట్టింది. ఆ సంవత్సరం అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడులు. మన వాణిజ్య విభాగంవారు నిరాశపడినప్పుడు ఈ అంకెలను తలచుకోవచ్చును. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం సిపాయిలకు ఆ రేజర్లను పంచిపెట్టడంతో, మగవాడు ఇంటిలోనే ప్రతిరోజూ గడ్డం గీసుకునే అలవాటు స్థిరపడింది. ఇంటింటా రేజరు ఉంటే ఇంటింటా సబ్బు కావాలి. 1917లో విలియమ్స్ కంపెనీ 'ఆక్వా వెల్వా' అనే నీలి ద్రవాన్ని కూడా తెచ్చింది. ఆ తరువాత బ్రష్షు అక్కరలేని క్రీములు, 1950 ప్రాంతాన ఒత్తిడి డబ్బాలు వచ్చి మగ్గును అటకెక్కించాయి.

కంపెనీ నూరేళ్ళకు పైగా ఆ కుటుంబం చేతిలో ఉండి 1957లో న్యూజెర్సీ మందుల కంపెనీకి అమ్ముడుపోయింది. పేరును 1971లో నబిస్కో అనే బిస్కెట్ల కంపెనీ, 1982లో బీచమ్ అనే ఇంగ్లీషు కంపెనీ కొన్నాయి. పేరు ఒక దారిన, ఊరు ఒక దారిన పోయాయి.

కర్మాగారం విలియమ్స్ వీధిలో ఉన్నది. కూల్చలేదు. 1983లో దానిని, చుట్టుప్రక్కల ఇళ్ళతో సహా జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు. సబ్బు కాచిన కట్టడాలు ఇప్పుడు నివాస గృహాలు. బయట బోర్డు మీద నేటికీ సబ్బు కర్మాగారం అనే పేరే ఉన్నది. ఒక కిటికీలో తులసికోట వంటి కుండీ, మరొకదానిలో నిద్రపోతున్న పిల్లి. గేటు లేదు, కాపలాదారు లేడు, పాసు అడిగేవారు లేరు. నేను అలవాటు కొద్దీ జేబులో గుర్తింపు కార్డు తడుముకున్నాను.

అక్కడ కుక్కను త్రిప్పుతున్న ఒక పెద్దమనిషి ఆగి, మేము ఎవరినైనా వెదుకుతున్నామా అని అడిగాడు. సబ్బు చూడవచ్చామని చెప్పాను. ఆయన తన ఇంటి గచ్చు ఏటవాలుగా ఉంటుందని, బంతి వదిలితే తనంత తానే కిటికీ దాకా దొర్లుతుందని, అది కర్మాగారపు రోజులనాటి వాలే అయివుంటుందని సంతోషంగా చెప్పాడు. నేను మగ్గును గురించి చెప్పగా విని, తన గడ్డం నిమురుకున్నాడు. అది ఛాతీ వరకు ఉన్నది. ఇరవై ఏళ్ళుగా గీయలేదట.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని కారు ఎక్కేముందు మరొకసారి వెనుకకు వెళ్ళి ఒంటరిగా ఆ గోడల ప్రక్కన నిలబడ్డాను. నేను మన సంస్థలో చేరకముందు ఆరేళ్ళు మరొక కర్మాగారంలో పనిచేశాను. దాని పేరు ఇక్కడ అక్కరలేదు. అది 2002లో మూతపడింది. నేను నా చేతులతో అమరిక చూసి, డయల్ గేజి పెట్టి సరిచేసిన పంపులు తుక్కు కింద టన్నుల లెక్కన పోయాయి. తరువాత ఒకసారి ఆ దారిన వెళుతూ రైలు కిటికీలోంచి చూశాను. క్వార్టర్ల పైకప్పులు లేవు, తుమ్మ చెట్లు ఉన్నాయి. క్యాంటీను గోడ మీద 'భద్రతే ప్రథమం' అనే అక్షరాలలో సగం చదవవచ్చును. అక్కడ పనిచేసిన మా ఫోర్‌మన్ అంత్యక్రియలకు వెళ్ళినప్పుడు, వారి అబ్బాయి తన తండ్రి పనిచేసిన చోటు చూపిద్దామంటే పిల్లలకు చూపడానికి ఏమీ లేదన్నాడు. గ్లాస్టన్‌బరీలో సబ్బు పోయింది, ఉద్యోగాలు పోయాయి, గోడలు ఉన్నాయి. గోడలలో ఒక మనిషి బంతి దొర్లించుకుంటున్నాడు. ఇది మంచి అంతమా, కాదా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. అక్కడ నిలబడినంతసేపూ మాత్రం అసూయ కలిగింది.

తిరుగుదారిలో ఒక ఇంటి ముందు పాత సామానులు అమ్మకానికి పెట్టారు. ఇటువంటివి అక్కడ వారాంతాలలో మామూలే. పింగాణీ కప్పులు, టెన్నిస్ బ్యాట్ల నడుమ ఎన్నడూ తెరవని అట్టపెట్టె ఒకటి కనబడింది. విలియమ్స్ మగ్గు సబ్బు! ఒక డాలరు. నా ఆనందానికి మేర లేదు. ఏరు దాటి ఇంటికి చేరేదాకా దానిని చేతిలోనే పట్టుకున్నాను.

ఆ రాత్రి మా అమ్మాయి పెట్టె వెనుక ఉన్న సన్నని అక్షరాలు చదివింది. అందులో 'సోడియం టాలోయేట్' అని ఉన్నది. "అంటే ఏమిటి నాన్నా?" అని అడిగింది. అబద్ధం చెప్పలేక, పశువుల కొవ్వుతో చేసిన సబ్బు అని చెప్పాను. మా శ్రీమతి వంటింటిలో నుండి వచ్చి నిలబడింది. "మావయ్యగారి మగ్గులో దీన్ని పెడతారా?" అని మాత్రం అన్నది.

నేను జవాబు చెప్పలేదు. మాకు పెళ్ళి అయిననాటికి నాన్నగారు ఆరోగ్యంగానే ఉండేవారు. 2011లో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. నేను సెలవు పెట్టి వెళ్ళి నెలన్నర దగ్గర ఉన్నాను. ఇంటికి క్షురకుని పిలిపిస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. నేను చేస్తానన్నాను. ఎదుటి మనిషి గడ్డం గీయడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. అద్దంలో చేసే పనికి, ఎదురుగా చేసే పనికి చేయి తిరిగే దిశే వేరు. మొదటిరోజే గవద మీద తెగింది. ఆయన ఏమీ అనలేదు. మరునాడు నేను బ్రష్షు తిప్పుతూ ఉండగా మగ్గు తన ఒడిలో పెట్టమని సైగ చేశారు. మా ఆవిడ మగ్గు పట్టుకుంటే, ఎడమచేత్తో బ్రష్షు అందుకుని తానే తిప్పారు. మాట ముద్దగా వచ్చేది. "చాలదురా, ఇంకా," అనేవారు. చాలాసేపు తిప్పేవారు. నురగ ఆయనకు తృప్తి కలిగేదాకా రేజరు ముట్టుకోనిచ్చేవారు కారు. ఆ నెలన్నరలో ఆయన తన చేత్తో పూర్తిగా చేసుకున్న పని అదొక్కటే. ప్రతిరోజూ మగ్గు పట్టుకున్నది మా ఆవిడ. ఆ మగ్గులో ఏది పెట్టాలో, ఏది కూడదో చెప్పే హక్కు నాకంటె ఆమెకే ఎక్కువ.

సబ్బు పెట్టెను అక్కడే వదిలివచ్చాను. మా అల్లుడు దానిని తన పుస్తకాల అరలో అలంకారంగా పెట్టుకున్నాడు.

ఇంజనీరుగా ఒక్క మాట చేర్చక తప్పదు. మన దేశంలో కూడా సబ్బులకు కొవ్వు దిగుమతి అయ్యేది. వనస్పతిలో కొవ్వు కలుస్తున్నదని గొడవ జరిగి, 1983లో ప్రభుత్వం ఆవు కొవ్వు దిగుమతిని నిషేధించింది. కేవలం శాకజన్యమైన నూనెలతో సబ్బు చేయడం గోద్రెజ్ వారు 1919 ప్రాంతంలోనే చేసి చూపారు. 1918 నుండి బెంగుళూరులో మైసూరు ప్రభుత్వం గంధపు సబ్బు కాచింది, అదీ మనవంటి ప్రభుత్వరంగ సంస్థగా నేటికీ కాస్తున్నది. కాని నా చిన్ననాట ఊరి కొట్టులో దొరికిన నానారకాల సబ్బులలో దేనిలో ఏమి ఉండేదో ఎవరు చూశారు? ఈ సంగతి మా శ్రీమతికి నేను చెప్పలేదు. మన పత్రిక ఇంటికి వస్తుంది కనుక ఇప్పుడు తెలుస్తుంది.

తిరిగి వచ్చిన తరువాత మొదటిరోజు బ్రష్షు తిప్పితే, మగ్గులో మళ్ళీ అదే పలచని తెట్టు. త్రాగే నీటి యంత్రంలోంచి ఒక గ్లాసు నీళ్ళు ఇమ్మని అడిగాను. ఒక గ్లాసు మంచినీటికి ఎన్ని గ్లాసులు మోరీపాలవుతాయో నాకు తెలియనిదా అని మా శ్రీమతి ప్రశ్నించింది. చివరకు వారానికి ఒక గ్లాసుకు ఒప్పుకున్నది. ఆదివారం మాత్రమే.